తీతువు కడుపు తడుపుకున్న మధ్యాహ్నం

అల్లా మీద ఒట్టు. తినే అన్నం మీద ఒట్టు. చొక్కా జేబులో ఉన్న బతాకా మీద ఒట్టు. ఒమాన్‌లో ఉండడానికి ఇచ్చే ఆ కార్డు కంటే పవిత్రమైన వస్తువు నా దగ్గర ఇంకోటి లేదు. అది పోతే మనిషే లేనట్టు లెక్క. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో ప్రతి అక్షరమూ నిజం. నన్ను ఎరిగినవాళ్లు ఇక్కడే నవ్వుతారు. సముద్రంలో ఒంటె ఈదుకుంటూ వచ్చి నన్ను టైమెంత అని అడిగిందని ఒకసారి చెప్పిన మాట వాస్తవమే. అది సరదాకు చెప్పింది. ఇది భయపడి చెబుతున్నది. భయపడ్డవాడికి అబద్ధమాడే తీరిక ఉండదు.

మొన్న శుక్రవారం మధ్యాహ్నం, బౌషర్‌లో మా రూమ్‌లో అన్నాలు తిని నడుం వాల్చాం. బిల్డింగ్ వెనక ఖాళీ స్థలం ఉంది. కంకర తప్ప అందులో ఏమీ లేదు. అక్కణ్ణుంచి తీతువు పిట్ట అరిచింది. తీ... తీతూ... తీతూ. కోనసీమ నుంచి కొత్తగా వచ్చిన కుర్రాళ్లిద్దరూ దిగ్గున లేచి కూర్చున్నారు. ఒకడు కిటికీ మూశాడు. రెండోవాడు ఇంటికి ఫోన్ కొట్టి, "అమ్మా, అందరూ బానే ఉన్నారా? నాయనమ్మ అన్నం తిందా?" అని అడగడం మొదలుపెట్టాడు.

నేను టీ గ్లాసు పట్టుకుని పడీపడీ నవ్వాను. "అది చావు కబురు కాదురా. కింద ఎక్కడో గుడ్లు పెట్టి ఉంటది, కాపలా కాస్తాంది" అన్నాను.

"మరి టీ అలా ఒంటి మీద పోసుకుంటున్నారేంటండీ?" అన్నాడు కిటికీ మూసినవాడు.

చూసుకుంటే నిజమే. గ్లాసులో టీ తొణికి లుంగీ మీద పడుతోంది. అప్పుడు వాళ్లకు ఈ కథ చెప్పక తప్పలేదు.

నాకప్పుడు పన్నెండేళ్లు. మా ఇంట్లో నాన్నను అబ్బా అంటాం. అబ్బా ఇక్కడే ఒమాన్‌లో, అల్ సువైక్ దగ్గర ఒక ఖర్జూరం తోటలో డ్రైవర్. తోట యజమానిని అందరూ అర్బాబ్ అనేవారు. కడపలో నేను పక్కింటివాళ్ల బావిలో దయ్యం చేపలు పడుతోందని చెప్పి, మా వీధిలో మూడు రోజులు ఎవరినీ నీళ్లు తోడుకోనివ్వలేదు. అమ్మీ విసిగిపోయి, "నీ కొడుకును నువ్వే ఏలుకో" అని అబ్బాకు ఫోన్ చేసింది. అర్బాబ్ మంచివాడు. విజిట్ వీసా తీయించాడు. అలా వేసవి సెలవులకు ఆ తోటలో వచ్చి పడ్డాను.

ఆ తోట వాసన ఇప్పటికీ నా ముక్కులోనే ఉంది. సముద్రం ఒడ్డున ఎండబెట్టిన చిన్న చేపలను ఆవులకు మేతలో కలిపి పెట్టేవారు. ఆ నీచు వాసన, దాని మీద కాలవ గట్టు తడి మట్టి వాసన, దాని మీద పెద్దింట్లోంచి వచ్చే సాంబ్రాణి పొగ. మొదటి రోజు ముక్కు మూసుకుని తిరిగాను. పదోరోజుకు అది లేకపోతే ఆకలి వేసేది కాదు.

పెద్దింటి వంటగదిలో ఒక గోదావరి జిల్లా ఆవిడ పనిచేసేది. నేను అత్తా అని పిలిచేవాణ్ణి. బొద్దుగా, పొట్టిగా, ఎప్పుడూ చేతికి పిండితో ఉండేది. అరబ్బులు ఎండు నిమ్మకాయ వేసి వండించుకునే మాంసం కూరలో చాటుగా ఇంత చింతపండు పులుసు పిండేది. ఈవిడ చేతిలో ఏదో ఉందని ఇంటివాళ్లు లొట్టలు వేసుకుంటూ తినేవారు. ఏముందో నాకూ ఆవిడకూ మాత్రమే తెలుసు. ఆ రహస్యం అడ్డం పెట్టుకుని నేను రోజుకో గిన్నెడు హల్వా గుంజేవాణ్ణి.

"ఒరేయ్, నువ్వు పెద్దయ్యాక దొంగవవుతావో, వకీలువవుతావో తెలీట్లేదురా" అనేది హల్వా పెడుతూ.

నేను వచ్చిన మూడోరోజో నాలుగోరోజో, పొద్దున నమాజు అయ్యాక అబ్బా బండి తీయడానికి బయల్దేరాడు. చెట్ల కింద నిలిపితే బండి మీద పిట్టలు రెట్ట వేస్తాయని, పంపు రూమ్ అవతల బోసిగా ఉన్న కంకర నేల మీద నిలిపేవాడు. నేనూ వెనకాలే వెళ్లాను. అబ్బా బండి తలుపు మీద చెయ్యి వేశాడో లేదో, ఎక్కణ్ణుంచి లేచిందో ఒక పిట్ట, నెత్తి మీదికి వచ్చి తిరుగుతూ గగ్గోలు పెట్టింది. నల్లటి తల, కళ్ల ముందు రక్తం అంటినట్టు ఎర్రటి తోలు, పొడుగాటి పసుప్పచ్చ కాళ్లు. నేను రెండు చేతులతో నెత్తి పట్టుకుని కూర్చుండిపోయాను.

వెనక ఏదో కిందపడిన చప్పుడు. వంటగది గుమ్మంలో అత్త. చేతిలోని రొట్టెల పళ్లెం నేల మీద ఉంది.

"అన్నయ్యగారూ, ఇవాళ బండి తియ్యకండి" అంది. గొంతు ఆవిడది కాదు.

"ఏందమ్మా, పిట్ట అరిచిందనా?" అబ్బా నవ్వాడు. "అర్బాబ్‌కు ఏమని చెప్పేది? పిట్ట లీవు ఇచ్చిందని చెప్పేదా?"

అబ్బా వెళ్లిపోయాడు. అత్త లోపలికి వెళ్లి గుప్పెడు ఉప్పు తీసి స్టవ్ మంట మీద చల్లింది. అది చిటపటలాడుతుంటే నా వైపు తిరగకుండానే చెప్పింది. "ఊరికే అరవదురా అది. ఎవరినో పిలుత్తంది. మా ఇంటి మీద మూడు రోజులు అరిచింది. మూడోరోజు మీ మావయ్య వలకెళ్లాడు. వల వచ్చింది."

అంతే. మావయ్య రాలేదన్న మాట ఆవిడ అనలేదు, నేను అడగలేదు. ఆ పూట హల్వా కూడా అడగలేదు.

ఆ రోజు నుంచి నాకు ఒకటే పని. పిట్ట ఎవరి మీద అరుస్తోందో లెక్క చూడడం. చెట్లకు నీళ్లు కట్టేవాళ్ల మీద అరవదు. అర్బాబ్ కొడుకుల మీద అరవదు. అబ్బా బండి దగ్గరికి వెళ్తే చాలు, నెత్తి మీద ప్రత్యక్షం. పొద్దున వెళ్లేటప్పుడు అరుపు. సాయంత్రం వచ్చేటప్పుడు అరుపు. అంటే పిలుస్తున్నది మా అబ్బానే. అబ్బా దగ్గితే ఉలిక్కిపడేవాణ్ణి. అబ్బా పడుకుంటే పక్కన కూర్చుని పొట్ట లేచి దిగుతోందో లేదో చూసేవాణ్ణి.

"ఏంరా, నా కడుపు మీద ఏమన్నా సినిమా కనపడతాందా?" అన్నాడొకసారి కళ్లు తెరిచి.

ఈలోగా పిట్టల సారు వచ్చారు. ఆయనది వరంగల్ వైపు. తెల్లటి గడ్డం, మెడలో బైనాక్యులర్, మోకాళ్ల దాకా పాత ప్యాంటు. ఏదో కంపెనీ కొత్త రోడ్డు వేసే ముందు ఆ చుట్టుపక్కల ఏ పిట్ట ఎక్కడ పిల్లలు పెడుతోందో రాసిమ్మని ఆయన్ను పంపింది. అర్బాబ్ బండినీ అబ్బానూ ఆయనకు అప్పగించాడు. సారు టౌన్లో దిగారు. అబ్బా రోజూ తోట నుంచి వెళ్లి ఆయన్ను ఎక్కించుకుని సముద్రం ఒడ్డుకో, ఎండిన వాగుల్లోకో తీసుకెళ్లేవాడు. అబ్బాను కళ్ల ముందు నుంచి పోనివ్వకూడదని నేనూ బండెక్కేవాణ్ణి.

సారు చేతిలో అట్ట మీద బిగించిన కాగితం ఉండేది. అందులో ప్రతి పిట్టకూ మూడు గడులు. "ఇగో బిడ్డా, మొదటి గడి ఉండొచ్చు. రెండోది ఉన్నట్టే. మూడోది ఉంది. మగపిట్ట ఒక్కపారి పాడిందనుకో, ఉండొచ్చు. జంటగ తిరిగినా, మనం పోతే నెత్తి మీద ఒర్లినా, ఉన్నట్టే. గూట్లె గుడ్డు కండ్ల జూస్తేనే మూడో గడి. నోట్ల పురుగు పట్టుకొని మింగకుంట కొంచవోతుందా, గదీ మూడో గడే. ఎవలికోసం కొంచవోతది? పిల్లల కోసమే గద!"

ఒకరోజు సముద్రం ఒడ్డున ఇసుక మీద పిడికెడంత పిట్ట ఒకటి నా ముందు రెక్క ఈడ్చుకుంటూ పోయింది. పాపం విరిగిందని పట్టుకోబోయాను. అది కుంటుతూ కుంటుతూ పోతుంది, నేను పరిగెడుతున్నాను. అలా నన్ను ఎక్కడో ఉన్న సోహార్ ఊరి పొలిమేర దాకా తీసుకెళ్లింది. సరే, అంత దూరం కాకపోయినా చాలా దూరమే. చివరికి అది కిలకిలమంటూ ఎగిరిపోయింది. వెనక నుంచి సారు కేక.

"ఆగు! కాలు లేపకు! ఉన్నకాడనే ఉండు!"

బిగుసుకుపోయాను.

"గది నాటకం బిడ్డా. పిల్లలు యాడనో ఇసుకల పండుకున్నయి. నిన్ను ఆటి నుంచి దూరం కొంచవోతాంది. తిరిగొచ్చేటప్పుడు నీ అడుగుల్లనే అడుగు వెయ్యి. పక్కకు వేస్తివా, ఒక పానం పోతది."

ఇసుక రంగు పిల్లలు, ఇసుకలో. ఎండలో ఒక్కో అడుగూ నా పాత అడుగులో పెట్టుకుంటూ వెనక్కి వచ్చాను. కాలి కింద మెత్తగా తగిలినప్పుడల్లా ప్రాణం పోయింది. ఆ సాయంత్రం ఇదంతా వంటగదిలో అత్తకు చెప్పాను. రోజూ చెప్పేవాణ్ణి. ఆవిడ పిండి కలుపుతూ వినేది. తల్లిపిట్ట ఎండకు గుడ్లు ఉడికిపోకుండా నీళ్లలో పొట్ట ముంచుకుని వచ్చి కూర్చుంటుందని సారు చెప్పిన మాట చెబితే చెయ్యి ఆపి, "పొట్ట ముంచుకునా?" అని మళ్లీ అడిగింది.

ఇక ఇక్కడి పని రెండు రోజుల్లో అయిపోతుందనగా అబ్బా అన్నం తింటూ చల్లగా చెప్పాడు. "ఎల్లుండి సారును తీసుకోని రైసూత్ పోవాల. ఆడ రేవు పక్కన ఇంకో సర్వే ఉండాది."

సలాలా పక్క రైసూత్. ఒమాన్‌కు ఈ చివర మేముంటే ఆ చివర అది. మధ్యలో ఎడారి. ఒకటే రోడ్డు. ఆ రోడ్డు మీద ఒంటెలు అడ్డం వచ్చి బండ్లు ఎలా తిరగబడతాయో తోటలో పనివాళ్లు చెప్పుకునే కథలు నేను చెప్పే కథల కన్నా ఘోరంగా ఉండేవి. ఆ సాయంత్రమే పిట్ట అబ్బా చుట్టూ మూడు సార్లు తిరిగి అరిచింది. నేను అత్త వైపు చూశాను. ఆవిడ నా వైపు చూడలేదు.

"అబ్బా, పోవద్దు."

"ఎందుకంటా?"

"పిట్ట..."

"ఎవురు చెప్పినారురా నీకు ఇయ్యన్నీ? పిట్టకు బయపడి డ్యూటీ ఎగ్గొట్టినోడిని యాడన్నా ఇన్నావా? నలుగురు నవ్వుతారు. తిను."

ఆ రాత్రి గడిచాక బుర్రలో ఒక ముక్క మెరిసింది. సారు దిగులుగా ఎప్పుడూ అనేవారు: "తీతువు ఒర్లుడు ఇంటున్న గాని గుడ్డు దొరుకుతలేదు. దొరికితే ఈడనే ఉండి అవి పిల్లలయ్యేదాక సూసి రాస్త. రైసూత్‌కు ఇంకొకలు పోతరు." అంటే గూడు దొరికితే ప్రయాణం ఆగుతుంది. ఆ పిట్ట నెత్తి మీద అరుస్తోందంటే ఆ కంకరలోనే ఎక్కడో ఉన్నట్టే. రెండో గడి. దాన్ని మూడో గడిలోకి తేవాలి.

ఇంత లెక్క తెలిసినవాడికి ఇంక భయమెందుకంటారా? తెలియడం తలలో ఉంటుంది. భయం మోకాళ్లలో ఉంటుంది. ఆ రెండింటికీ మాటల్లేవు. గుడ్ల కోసం అరుస్తోంది సరే, గుడ్ల కోసం అరిచే పిట్ట చావుకోసం కూడా అరవకూడదని ఎక్కడ రాసి ఉంది? అబ్బాను పిలుస్తున్న పిట్ట కిందికి నేను వెళ్తే, ఆ పిలుపు నా మీదికి మళ్లదా?

అత్తతో చెప్పాను. ఆవిడ నా రెక్క పట్టుకుంది. "ఆ కంకరలో కాలు పెట్టావంటే చంపేత్తాను" అని, నన్ను బయటికి నెట్టి వంటగది తలుపు గడియ పెట్టుకుంది.

నడి మధ్యాహ్నం. తోటలో మనిషి అలికిడి లేదు. ఆవులు కూడా నోరు ఆడించడం మానేశాయి. ఎండకు కంకర మీద గాలి నీళ్లలా కదులుతోంది. నేను అడుగు పెట్టాను. పిట్ట లేచింది. ఒకటి కాదు, రెండు. ఒకటి నా చెవి పక్క నుంచి దూసుకుపోయింది. రెక్కల గాలి చెంపకు తగిలింది. రెండోది నా టోపీ తన్నుకుపోయి సముద్రం వైపు ఎగిరింది, ఆ టోపీ మళ్లీ దొరకలేదు. తీ... తీతూ... ప్రతి అరుపుకూ నా పేరు వినపడుతోంది. పళ్లు కొట్టుకుంటున్నాయి, అంత ఎండలో.

ఇలా లాభం లేదని వెనక్కి వచ్చి కాలవ గట్టున ముడుచుకుని కూర్చున్నాను. అరుపు ఆగింది. చాలాసేపటికి ఒక పిట్ట కాలవలో దిగింది. నీళ్లు తాగుతుందనుకున్నాను. తాగలేదు. పొట్ట నీళ్లలో ఆనించి, ఈకలు ఉబ్బించి, ఇటూ అటూ ఊగింది. లేచి కంకర మీద గబగబా నడిచింది. నాలుగడుగులు, ఆగడం. నాలుగడుగులు, ఆగడం. ఎండిన ఖర్జూరం మొద్దుకీ విరిగిన బకెట్టుకీ మధ్య వంగి కూర్చుంది. మళ్లీ వచ్చింది. మళ్లీ పొట్ట తడుపుకుంది. మళ్లీ అక్కడికే.

మొద్దునూ బకెట్టునూ గుర్తు పెట్టుకుని నడిచాను. నెత్తి మీద ఆకాశం చిరిగిపోతున్నట్టు అరుపులు. కింద చూస్తే కంకర. మళ్లీ చూస్తే కంకర. మూడోసారి చూస్తే, ఆ రాళ్లలో నాలుగు రాళ్లకు మొనలున్నాయి. మొనలన్నీ లోపలికి. మట్టి రంగు మీద నల్లటి మచ్చలు. నా కాలి బొటనవేలికి జానెడు దూరం. మీద తడి ఇంకా ఆరలేదు. ఆ ఎండలో తల్లిని ఎక్కువసేపు దూరం ఉంచితే అవి ఉడికిపోతాయి. అడుగులో అడుగు వేసుకుంటూ వెనక్కి వచ్చాను.

సారు సాయంత్రం తోటకు వచ్చి దూరం నుంచి బైనాక్యులర్ పెట్టి చూశారు. "గుడ్లు నాలుగు. జాగ సరిగ్గ జెప్పినవు. శభాష్" అని కాగితం తీసి మూడో గడిలో గీత పెట్టారు. పక్కన, ఎవరు చూశారు అన్న చోట, నా పేరు రాశారు. ఫోన్లో ఎవరితోనో అరగంట మాట్లాడి, "రైసూత్‌కు ఇంకొకలు పోతున్నరు. మనం ఈడనే" అన్నారు.

అబ్బా నా వైపు ఒకలా చూశాడు. "ఆ గుడ్లు యాడికీ పారిపోవు గానీ, నా బండి యాడ నిలపాలో చెప్పు" అన్నాడు. ఆ రోజు నుంచి బండి చెట్ల కిందికి మారింది. అరుపులు తగ్గాయి. గుడ్లు పిల్లలయ్యాయి. కంకరకు కాళ్లు మొలిచి పరిగెత్తినట్టు పరిగెత్తి, ఒకరోజు చూస్తే తల్లీ లేదు, పిల్లలూ లేరు. ఆ తర్వాత వారం అబ్బా రైసూత్ వెళ్లనే వెళ్లాడు, అర్బాబ్ పని మీద. ఏ పిట్టా అరవలేదు కాబట్టి నేను హాయిగా అన్నం తిన్నాను. అబ్బా నాలుగో రోజు సలాలా కొబ్బరి బోండాలు వేసుకుని వచ్చాడు. ఇంకా చాలా ఏళ్లు అదే రోడ్డు మీద బండి నడిపాడు.

ఆ తోట ఇప్పుడు లేదు. బావుల్లోకి ఉప్పునీళ్లు ఎక్కి చెట్లు తలలు వాల్చేశాయి. ఈమధ్య అటు వెళ్తే ఆ జాగాలో టైర్ల షాపులు, ఒక గోడౌన్ ఉన్నాయి. పంపు రూమ్ ఎక్కడుండేదో కూడా పోల్చుకోలేకపోయాను. ఆవుల మేత వాసన కోసం కాసేపు నిలబడ్డాను. రబ్బరు వాసన వచ్చింది.

ఇంత చెప్పాను కాబట్టి మిగిలింది కూడా చెప్పాలి. ఇందులో నేను కల్పించింది ఉంది. టోపీ సంగతి మీరు కనిపెట్టే ఉంటారు, దాని గురించి కాదు. ఆ మధ్యాహ్నం కంకరలోకి వెళ్లింది నేను కాదు.

నేను ఒక్క అడుగు వేశాను. పిట్ట లేచింది. వెనక్కి పరిగెత్తి పంపు రూమ్‌లో దూరి గడియ పెట్టుకున్నాను. గడియ పెట్టుకున్నది నేను, అత్త కాదు. నిక్కరు తడిసింది. తలుపు సందులోంచి చూస్తే, వంటగదిలోంచి అత్త వస్తోంది. పిండి చేతులతోనే. కొంగు నెత్తి మీద కప్పుకుంది. ఆవిడకు సారు చెప్పిన శాస్త్రం మీద నమ్మకం లేదు. ఆ పిట్ట మనుషుల్ని పిలుస్తుందని ఆవిడకు రూఢిగా తెలుసు, మొగుణ్ణి పిలుచుకుపోయింది కాబట్టి. తెలిసే దాని కిందికి వెళ్లి నిలబడింది. నెత్తి మీద తిరుగుతున్నదాన్ని చూస్తూ గట్టిగా అంది: "పిలిత్తే నన్ను పిలు. పసోడి తండ్రి జోలికి రాకు."

కాలవ గట్టున కూర్చుని పొట్ట తడుపుకునే పిట్టను కాపు కాసింది ఆవిడే. మొద్దునూ బకెట్టునూ గుర్తు పెట్టుకున్నది ఆవిడే. వచ్చి పంపు రూమ్ తలుపు కొట్టి, నా నిక్కరు చూసి చూడనట్టు, "నువ్వే చూశావని చెప్పు సారుతో. వంటమనిషి మాట కాగితంలో రాత్తారేంటి? మళ్లీ నేను పని వదిలి బయటికెళ్లానని ఇంట్లో తెలిత్తే తిడతారు" అంది. కాళ్లు కడుక్కుని వెళ్లి రొట్టెలు కాల్చింది. నేను శభాష్ అనిపించుకున్నాను. మొన్న రూమ్‌లో కుర్రాళ్ల దగ్గరా అనిపించుకున్నాను.

ఆ తర్వాత మూడు రోజులు, వాళ్ల ఇంటి మీద పిట్ట అరిచినన్ని రోజులే, పొద్దున నేను కాలవ దగ్గర మొహం కడుగుతుంటే వంటగది కిటికీ తెరుచుకునేది. అత్త తల బయట పెట్టి, "ఏరా, ఉన్నానా?" అనేది.

"ఉన్నావత్తా" అనేవాణ్ణి నోట్లో నీళ్లతో, నవ్వుతూ.

నాలుగో రోజు నుంచి అడగలేదు. అది ఆవిడ ఎకసెక్కం అనుకున్నాను. చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను.